పట్టూ విడుపూ: ఇంటి యంత్రశాలలో జిగ్గు నిర్మాణం

తెలుగులో ‘పట్టు’ అనే మాటకున్నంత వ్యాప్తి బహుకొద్ది మాటలకే ఉన్నది. మల్లయోధునికి పట్టు కావలె. పండితునికి శాస్త్రంలో పట్టు ఉండవలె. మిఠాయి చేసేవాడు పాకం పట్టు చూస్తాడు. కమ్మరి చేతిలోని సాధనం పట్టకారు. లోకజ్ఞానం గలవానిని పట్టువిడుపులు తెలిసినవాడని మెచ్చుకొంటాము. ఈ చివరి మాటలోనే యంత్రశాలకు సంబంధించిన ఒక పెద్ద సూత్రం ఇమిడి ఉన్నది. పనిముక్కను కదలకుండా పట్టవలెను. పని ముగియగానే సులభంగా విడువవలెను. మరల అదే జాతి ముక్కను అదే స్థానంలో, వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టవలెను. ఈ మూడు పనులు చేసే సాధనాన్నే యంత్రశాలలో జిగ్గు అంటారు.

భాషాధ్యాపకునికి లేతుతో, డ్రిల్లుతో ఏమి పని అని విద్యార్థులు అనుకోవచ్చు. మన కళాశాలలో చదివేవారిలో యంత్రశాలల మీద బ్రతికే కుటుంబాల నుంచి వచ్చేవారు ఉన్నారు. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో ఒక చిన్న లేతు, ఒక బల్ల డ్రిల్లు, ఒక వైస్, గోడకు వ్రేలాడే ఆకురాళ్లు – ఇదే వారి కర్మాగారం. అక్కడి విద్య ఉస్తాదు చేతి నుంచి శిష్యుని చేతికి చేరుతున్నది కాని కాగితం మీదికి ఎక్కడం లేదు. ఉస్తాదు చేయి ఆగిననాడు ఆ విద్యలో కొంత ఆగిపోతున్నది. కాబట్టి ఒక చిన్న జిగ్గును ఉదాహరణగా తీసికొని, అది ఎందుకు అట్లా ఉండవలెనో, ఎట్లా చేయవలెనో ఈ వ్యాసంలో క్రమంగా వివరిస్తాను.

చేతివృత్తులలో పట్టు

పనిముక్కను పట్టి ఉంచడమనే సమస్య యంత్రాలతో పుట్టినది కాదు. నేలపై కూర్చుండి పనిచేసే వడ్రంగి తన కాళ్లనే వైస్‌గా వాడుతాడు. అరికాళ్ల నడుమ, బొటనవ్రేలి క్రింద కర్రను అదిమిపెట్టి ఉలి నడుపుతాడు. కమ్మరికి ఒక్క పట్టకారు చాలదు. పలక ఇనుముకు ఒకటి, గుండ్రని కడ్డీకి ఒకటి, వంపు తిరిగిన దానికి మరొకటి – వస్తువు ఆకృతిని బట్టి పట్టకారు నోరు మారుతుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేవారికి తరిమెనయే ఆధారం. కర్ర తన ఇరుసు మీదనే తిరిగేటట్లు పట్టకపోతే బొమ్మ గుండ్రన రాదు.

వీటికంటె సూక్ష్మమైనది బీదరు పనివారి పద్ధతి. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన బీదరులో తుత్తునాగం ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోతపోసిన పాత్రలపై వెండి తీగెలు పొదుగుతారు. వంపులు తిరిగిన ఆ పాత్రను ఏ వైస్ దవడలూ నొక్కులు పడకుండా పట్టలేవు. అందుచేత దానిని మైనం వంటి పదార్థంతో ఒక దిమ్మకు అతికించి చెక్కుతారు. కంసాలి కూడ పలుచని బంగారు రేకును లక్కలో కూర్చి పనిచేస్తాడు. వేడిచేస్తే లక్క కరిగి వస్తువును విడిచిపెడుతుంది. పట్టులో గట్టిదనం, విడుపులో మెత్తదనం ఒకే పదార్థంలో ఉన్నాయి.

ఈ వృత్తుల భాష కూడ గమనింపదగినది. తెలుగువాడు తరిమెన అన్నదానిని ఉర్దూ మాట్లాడే పనివాడు ఖరాద్ అంటాడు. ఆకురాయికి రేతీ, బిగింపు సాధనానికి శికంజా అన్న ఉర్దూ మాటలున్నాయి. అచ్చును, మూసను తెలిపే ‘సాంచా’ అనే మాట సిరిసిల్ల మరమగ్గానికే పేరైపోయినది. రెండు భాషలు ఒకే పనిబల్ల దగ్గర కలిసి బ్రతికినాయనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

జిగ్గు, ఫిక్చరు

ఈ రెండు మాటలను చాలమంది ఒకే అర్థంలో వాడుతారు. వాటికి భేదం ఉన్నది. పనిముక్కను నిర్ణీత స్థానంలో పట్టి ఉంచేది ఫిక్చరు. పట్టి ఉంచడమేగాక, కోసే పనిముట్టుకు దారి కూడ చూపేది జిగ్గు. డ్రిల్లు బిట్టు ఎక్కడ దిగవలెనో చెప్పే ఉక్కుగొట్టం – దానినే బుష్షు అంటారు – జిగ్గులో ఉంటుంది, ఫిక్చరులో ఉండదు.

దీని చరిత్ర ఆయుధ కర్మాగారాలతో ముడిపడి ఉన్నది. ఫ్రాన్సు దేశంలో ఆనోరె బ్లాంక్ అనే శిల్పి, తుపాకులను కాల్చే యంత్రాంగపు భాగాలను ఒకదాని స్థానంలో మరొకటి సరిపోయేటట్లు తయారుచేసినాడు. 1785లో థామస్ జెఫర్సన్ యాభై తుపాకుల యంత్రాంగాల విడిభాగాలలో చేతికి అందినవి తీసి స్వయంగా కూర్చి చూచినాడు. తరువాత అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జాన్ హాల్ అనే నిపుణుడు 1820వ దశకంలో ఒక ముఖ్యమైన నియమాన్ని అమలుపరిచినాడు. ఒక భాగంపై ఎన్ని పనులు జరిగినా, అన్నింటికీ కొలత ఒకే ఆధారస్థానం నుంచి తీయవలెను. మొదటి రంధ్రం నుంచి రెండవదానిని, రెండవదాని నుంచి మూడవదానిని కొలుస్తూపోతే, ఒక్కొక్క చోటి స్వల్పదోషం కూడుతూ చివరకు పెద్దదవుతుంది. ఒకే చోటు నుంచి కొలిస్తే ఏ దోషం ఆ చోటనే ఆగిపోతుంది.

మన నగరానికీ ఈ విద్యతో సంబంధం ఉన్నది. యంత్ర పనిముట్లకు పేరుపడిన ప్రాగా టూల్స్ సంస్థ సికింద్రాబాదులో 1943లో స్థాపితమైనది. జిగ్గులు, ఫిక్చర్లు, అచ్చుల రూపకల్పనలో శిక్షణ ఇచ్చే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ బాలానగరులో 1968లో ఏర్పడినది.

ఆరు కదలికలు – ఆరు ఆధారాలు

శూన్యంలో వ్రేలాడే ఒక చెక్కదిమ్మను ఊహించండి. అది ముందువెనుకలకు, కుడియెడమలకు, పైక్రిందులకు జరుగగలదు. ఇవి మూడు. ఆ మూడు దిశలనే ఇరుసులుగా చేసికొని తిరుగగలదు. ఇవి మరి మూడు. మొత్తం ఆరు కదలికలు. దిమ్మ స్థానం నిశ్చయం కావలెనంటే ఈ ఆరింటిని అరికట్టవలె. అందుకు ఆరు ఆధారబిందువులు చాలును: అడుగున మూడు, ఒక ప్రక్కన రెండు, ఒక కొసన ఒకటి. దీనినే యంత్రశాలలో మూడు–రెండు–ఒకటి సూత్రం అంటారు.

అడుగున మూడే ఎందుకు? నాలుగైతే ఇంకా గట్టిగా ఉండదా? ఈ ప్రశ్నకు జవాబు మన వంటింటిలోనే ఉన్నది. మూడు రాళ్ల పొయ్యిమీద పెట్టిన కుండ ఊగదు. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడ నిలుస్తుంది. నాలుగు కాళ్ల కుర్చీకి ఒక కాలు కొంచెం పొట్టిదైతే చాలు, అటూ ఇటూ ఊగుతుంది. మూడు బిందువులు ఎల్లప్పుడు ఒక తలాన్ని నిర్ణయిస్తాయి. నాలుగవ బిందువు ఆ తలంలో పడితే అదృష్టం, పడకపోతే తగాదా. కాబట్టి అవసరమైనన్ని ఆధారాలే ఉండవలెను. అధికమైన ఆధారం పట్టును పెంచదు, సందేహాన్ని పెంచుతుంది.

ఇంకొక సంగతి: ఆధారం వేరు, బిగింపు వేరు. ఆధారం స్థానం చెబుతుంది. బిగింపు ఆ స్థానం నుంచి కదలనీయదు. బిగింపు బలం ముక్కను ఆధారాల వైపే నెట్టవలె. ఈ రెంటినీ కలగాపులగం చేసినచోటనే జిగ్గు చెడిపోతుంది.

ఒక ఉదాహరణ

ఒక ఇంటి షెడ్డుకు నూటయాభై పిన్నుల పని వచ్చిందనుకొందాము. ఒక్కొక్క పిన్ను 12 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. పొడవు గల మెత్తని ఉక్కు కడ్డీ. ఒక కొస నుంచి 10 మి.మీ. దూరంలో, కడ్డీకి అడ్డంగా, సరిగా మధ్యరేఖ గుండా 4 మి.మీ. రంధ్రం వేయవలెను. స్ప్లిట్ పిన్ను దూర్చడానికి ఆ రంధ్రం.

వినడానికి సులభమైన పని, చేయడానికి కష్టం. గుండ్రని కడ్డీ తలపై బిట్టు మొన నిలువదు, ప్రక్కకు జారుతుంది. పంచితో గుంట కొట్టినా, ఆ గుంట సరిగా నడినెత్తిన పడినదో లేదో కంటికి తెలియదు. రంధ్రం ఒక ప్రక్కకు ఒరిగితే ఆ వైపు గోడ పలుచబడి పిన్ను బలం తగ్గుతుంది. నూటయాభైలో ఇరవై తిరిగి వస్తే ఆ షెడ్డుకు లాభమంతా పోయినట్లే.

డబ్బు నష్టంకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. మెత్తని ఉక్కుకు హైస్పీడ్ స్టీల్ బిట్టుతో నిమిషానికి 25 మీటర్ల కోత వేగం తీసికొంటే, 4 మి.మీ. బిట్టు నిమిషానికి దాదాపు 2000 చుట్లు తిరుగవలెను. అనగా ఒక చుట్టుకు సెకనులో నూరింట మూడు వంతులు. బిట్టు క్రింది వైపు బయటపడే క్షణంలో ఎదురు తగ్గి, దాని అంచులు మిగిలిన పలుచని పొరలో చిక్కుకొంటాయి. ముక్క చేతిలో ఉంటే అది బిట్టుతోపాటు తిరుగుతుంది. మనిషి ప్రమాదాన్ని గుర్తించి చేయి తీయడానికి సెకనులో ఐదవ వంతు పడుతుంది. ఆలోగా ముక్క ఆరేడు చుట్లు తిరుగుతుంది. వ్రేళ్లు ఎంత చురుకైనవైనా ఈ లెక్కను గెలువలేవు. చేతితో పట్టి రంధ్రం వేయరాదన్న ఉస్తాదుల మాటలో భయం లేదు, గణితం ఉన్నది.

‘వీ’ గాడి గుణం

గుండ్రని వస్తువుకు సహజమైన ఆధారం ‘వీ’ ఆకారపు గాడి. 90 డిగ్రీల గాడిలో కడ్డీని పరుండబెడితే దాని ఆరు కదలికలలో నాలుగు ఆగిపోతాయి. కొసకు ఒక అడ్డుమర పెడితే ఐదవది ఆగుతుంది. మిగిలినది తన ఇరుసు మీద తాను తిరగడం. మన పిన్ను చుట్టూ ఒకే రీతిగా ఉన్నది కనుక దానికి ఆధారం అక్కరలేదు, బిగింపు చాలును. పిన్నుకు ముందే ఒక గంటు గాని చదునుభాగం గాని ఉండి, రంధ్రం దానికి ఒక నిర్ణీత కోణంలో రావలసి ఉంటే, అప్పుడు ఆరవ ఆధారం అవసరమవుతుంది.

గాడిలో ఇంకొక గొప్ప గుణం ఉన్నది. కడ్డీ కేంద్రం గాడి అడుగుమూల నుంచి వ్యాసార్ధానికి 1.414 రెట్ల ఎత్తులో ఉంటుంది. మన కడ్డీకి ఆ ఎత్తు 6 × 1.414 = 8.48 మి.మీ. బజారులో కొన్న కడ్డీలన్నీ సరిగా 12 మి.మీ. ఉండవు. ఒకటి 11.9 మి.మీ. అయితే దాని కేంద్రం 0.07 మి.మీ. క్రిందికి దిగుతుంది, కాని కుడికి గాని ఎడమకు గాని ఏమాత్రం జరుగదు. డ్రిల్లు దిగేది పైనుంచి క్రిందికే కాబట్టి, కేంద్రం కొంచెం దిగినా రంధ్రం మధ్యరేఖ గుండానే పోతుంది. ఇదే గాడిని ప్రక్కకు తిప్పి పెడితే ఆ 0.07 మి.మీ. పూర్తిగా రంధ్రం స్థానంలో దోషంగా కనబడుతుంది. దోషం లేని వస్తువు లోకంలో లేదు. ఉన్న దోషాన్ని హాని చేయని దిశకు మళ్లించడమే రూపకల్పనలోని నేర్పు.

నిర్మాణం

జిగ్గు దేహానికి 45 మి.మీ. పొడవు, 60 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. ఎత్తు గల ఉక్కుదిమ్మ తీసికొనవలె. మొదట అడుగుభాగాన్ని చదును చేసి, తక్కిన కొలతలన్నీ ఆ తలం నుంచే తీయవలె. జాన్ హాల్ చెప్పిన నియమం ఇక్కడనే పాటించవలె. పైతలం నడుమ, పొడవు దిక్కున 16.5 మి.మీ. లోతు గల 90 డిగ్రీల గాడి తీయవలె. అంతకు ముందే గాడి అడుగుమూల వచ్చే చోట 3 మి.మీ. వెడల్పున చిన్న చీలిక తీస్తే, పనిముట్టు మూలను శుభ్రంగా కోయగలుగుతుంది. తురుము కూడ అందులోకి జారుతుంది. ఇంటిలో మిల్లింగు యంత్రం లేకపోతే ఈ ఒక్క పనిని షేపరు గాని మిల్లింగు యంత్రం గాని ఉన్న షెడ్డులో చేయించుకొనవచ్చు.

లోతు 16.5 మి.మీ. అని ఎందుకన్నాము? గాడిలో పరుండిన 12 మి.మీ. కడ్డీ తలభాగం అడుగుమూల నుంచి 8.48 + 6, అనగా సుమారు 14.5 మి.మీ. ఎత్తున ఉంటుంది. దిమ్మ పైతలానికి ఇంకా 2 మి.మీ. ఖాళీ మిగులుతుంది. బుష్షు పలక దిమ్మపై కూర్చున్నప్పుడు, దాని అడుగుకూ కడ్డీకీ నడుమ ఈ 2 మి.మీ. ఎడమే ఉంటుంది. ఎడం మరీ ఎక్కువైతే బిట్టు మొన గుండ్రని తలపై జారుతుంది. బొత్తిగా లేకపోతే తురుమంతా బుష్షులోనుంచే పైకి రావలసి వచ్చి, బుష్షు త్వరగా అరుగుతుంది. బిట్టు వ్యాసంలో సగం ఎడం ఇటువంటి గుండ్రని పనికి తగినది.

బుష్షు పలక 60 మి.మీ. పొడవు, 25 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం ఉండవలె. గాడికి అడ్డంగా, అడ్డుమర ఉండే కొసన దీనిని రెండు మరలతో బిగించవలె. మరల రంధ్రాలు మరలకంటె 1 మి.మీ. పెద్దవిగా ఉండవలె, కారణం తరువాత తెలుస్తుంది. బుష్షు సరిగా నిలిచే చోటుకు క్రింద, దిమ్మలో 8 మి.మీ. రంధ్రం ఆరపార వేస్తే, బిట్టు దిమ్మను కోయకుండా దానిలోకి దిగుతుంది. తురుము క్రిందికి రాలుతుంది.

బుష్షును సిల్వర్ స్టీలు అనే గట్టిపడే ఉక్కుతో చేయవలె; పేరులో తప్ప ఇందులో వెండి లేదు. వెలుపలి వ్యాసం 10 మి.మీ., పొడవు 8 మి.మీ., లోపలి రంధ్రం 4 మి.మీ. బిట్టుకంటె నూరింట రెండు మూడు వంతుల మి.మీ. మాత్రమే పెద్దది. పొడవు బిట్టు వ్యాసానికి రెండు రెట్లు ఉన్నది కాబట్టి బిట్టు వంగకుండ నడుస్తుంది. పైఅంచును గుండ్రంగా నునుపుచేస్తే బిట్టు తడబడక లోపలికి దిగుతుంది. తరువాత చెర్రీపండు వంటి ఎరుపు వచ్చేవరకు, అనగా సుమారు 780 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి నీటిలో చల్లార్చవలె. అప్పుడది గాజువలె పెళుసుగా ఉంటుంది. మరల నెమ్మదిగా వేడిచేసి, మెరుగుపెట్టిన తలంపై లేత గడ్డిరంగు రాగానే ఆపితే పెళుసుదనం తగ్గి గట్టిదనం మిగులుతుంది. చివరకు పలకలో 10 మి.మీ. రీమరుతో సరిచేసిన రంధ్రంలోకి దీనిని వైస్‌తో నొక్కి ఎక్కించవలె. ఇది బిగువుగా కూర్చుండటానికి బుష్షు వెలుపలి కొలత నూరింట ఒక వంతు మి.మీ. పెద్దదిగా ఉంటే చాలును.

మధ్యరేఖ పరీక్ష

జిగ్గు మొత్తంలో ప్రాణస్థానం ఇది. బుష్షు కేంద్రం గాడి మధ్యరేఖకు సరిగా పైన ఉన్నదని ఎట్లా తెలుసుకొనడం? ఖరీదైన కొలత సాధనాలు లేనివారికి ఒక చక్కని ఉపాయం ఉన్నది. దానికి కావలసినవి ఒక పిన్ను, నునుపైన ఒక 4 మి.మీ. కడ్డీ మాత్రమే.

ముందుగా కొలబద్దతో బుష్షును వీలైనంత మధ్యకు తెచ్చి పలకను బిగించండి. ఒక పిన్నుకు ఆరపార రంధ్రం వేయండి. పిన్ను బిగింపు వదులుచేసి, దానిని తన ఇరుసు మీదనే సగం చుట్టు త్రిప్పండి. క్రిందికి ఉన్న రంధ్రపు నోరు పైకి రావలెను. ఇప్పుడు 4 మి.మీ. కడ్డీని బుష్షులోనుంచి దించండి. అది పిన్ను రంధ్రంలోకి అడ్డులేకుండ దిగితే బుష్షు మధ్యరేఖపైనే ఉన్నది. దిగకపోతే ఒరిగి ఉన్నది.

ఇందులోని రహస్యం సులభం. రంధ్రం మధ్యరేఖకు కుడివైపు 0.1 మి.మీ. ఒరిగిందనుకొందాము. పిన్నును సగం చుట్టు త్రిప్పితే ఆ రంధ్రం ఎడమవైపుకు 0.1 మి.మీ. పోతుంది. బుష్షు మాత్రం కుడివైపునే ఉన్నది. రెంటికీ నడుమ 0.2 మి.మీ. తేడా కనబడుతుంది. అనగా త్రిప్పి చూచినప్పుడు దోషం రెండింతలై తన్ను తాను బయటపెట్టుకొంటుంది. బిట్టు, కడ్డీల నడుమ ఉన్న వదులు చాల తక్కువ కనుక స్వల్పమైన ఒరుగుడు కూడ చేతికి తెలుస్తుంది. పలక మరలను కొంచెం వదలి, తేడాలో సగం మేరకు మాత్రమే జరిపి, కొత్త పిన్నుతో మరల పరీక్షించవలె. మరల రంధ్రాలను పెద్దవిగా ఉంచుమన్నది ఇందుకే.

సరిపడిన తరువాత పలకనూ దిమ్మనూ కలిపి, ఎదురెదురు మూలలలో 5 మి.మీ. రంధ్రాలు రెండు వేసి, రీమరుతో సరిచేసి డోవెల్ పిన్నులు కొట్టవలె. మరలు పట్టి ఉంచుతాయి. డోవెల్ పిన్నులు స్థానాన్ని గుర్తుంచుకొంటాయి. పలకను ఎప్పుడు విప్పి బిగించినా బుష్షు తన చోటికే వస్తుంది.

కొసలోని అడ్డుమరకు 6 మి.మీ. మందం గల చిన్నపలకను దిమ్మ కొసకు బిగించి, పిన్ను ఇరుసుకు ఎదురుగా 6 మి.మీ. మరను, దానికొక తాళపు నట్టును అమర్చవలె. బుష్షు కేంద్రం నుంచి మర కొన సరిగా 10 మి.మీ. దూరంలో ఉండేటట్లు త్రిప్పి నట్టు బిగిస్తే, నూటయాభై పిన్నులకూ అదే కొలత.

బిగింపు

బుష్షు పలక ప్రక్కనే 15 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం గల పట్టీని దిమ్మకు అడ్డంగా బిగించి, దాని నడుమ 8 మి.మీ. మరను దింపవలె. మర కొసన ఇత్తడి బిళ్ల ఉంటే పిన్నుపై గంటు పడదు. ఈ మర పిన్నును నేరుగా గాడిలోకే నొక్కుతుంది. డ్రిల్లు ఒత్తిడి కూడ ఆ దిశలోనే పనిచేస్తుంది. ఆధారాల వైపు నెట్టే బిగింపు అంటే ఇదే.

ఎంత బలం వస్తుంది? మర పిడి 50 మి.మీ. పొడవుండి, దానిని రెండు కిలోల బలంతో, అనగా సుమారు 20 న్యూటన్లతో త్రిప్పితే, మెలిబలం 1000 న్యూటన్–మిల్లీమీటర్లు. దానిని మర వ్యాసంలో ఐదవ వంతుతో, అనగా 1.6తో భాగిస్తే 625 న్యూటన్లు వస్తుంది. వ్రేళ్లతో త్రిప్పిన మర అరవై కిలోలకు పైగా బరువుతో నొక్కుతున్నది. ఇంతకు మించిన బలం ఈ పనికి అక్కరలేదు. సుత్తితో పిడిని కొట్టి బిగించేవాడు జిగ్గును వంచుతున్నాడే కాని, పిన్నును పట్టడం లేదు.

విడుపు సంగతి కూడ ఆలోచించితిమి. దిమ్మ 45 మి.మీ., పిన్ను 50 మి.మీ. కనుక 5 మి.మీ. కొస బయటికి వచ్చి వ్రేళ్లకు అందుతుంది. బిట్టు బయటపడిన చోట రంధ్రపు అంచున పదునైన గరుకు మిగులుతుంది. దానిని బర్రు అంటారు. గాడి అడుగున రెండున్నర మి.మీ. సందు ఉన్నది కనుక బర్రు దేనికీ తగులక పిన్ను తిన్నగా బయటకు వస్తుంది. ఈ సందును మరచిన జిగ్గులలో పిన్ను లోపలికి పోతుంది, వెలుపలికి రాదు.

తురుము, కాళ్లు

జిగ్గుకు అసలు శత్రువు ఇనుప తురుము. ఆధారం మీద వెంట్రుకంత రజను పడినా పిన్ను ఎత్తున కూర్చుంటుంది. ప్రతి ముక్కకు ముందు గాడిని కుంచెతో తుడువవలె. చేతితో తుడువరాదు, నోటితో ఊదరాదు. మొదటిది వ్రేళ్లకు, రెండవది కళ్లకు హాని.

జిగ్గు అడుగున కాళ్లు నాలుగు ఉండవలెను. ఇంతవరకు మూడింటిని పొగడి ఇప్పుడు నాలుగు అనడం వింతగా తోచవచ్చు. ముక్కాలిపీట ఏ నేలమీదనైనా ఊగకుండ నిలుస్తుంది. అందుచేతనే దాని క్రింద తురుము ముక్క పడితే జిగ్గు ఒరిగిన సంగతి ఎవరికీ తెలియదు. నాలుగు కాళ్లదైతే వెంటనే ఊగి పనివానిని హెచ్చరిస్తుంది. పనిముక్కకు ఆధారం ఇచ్చేటప్పుడు ఊగుడు దోషం. జిగ్గు బల్లపై నిలిచేటప్పుడు ఊగుడు ఒక సూచన. ఒకే సూత్రాన్ని ఎక్కడ ఏ విధంగా అన్వయించవలెనో తెలుసుకొనడమే విద్య.

డ్రిల్లు బల్లపై ఒక అడ్డుకడ్డీని బోల్టులతో బిగించి, జిగ్గు దానికి ఆనుకొని తిరుగకుండ చూడవలె. తిరిగే యంత్రం దగ్గర చేతితొడుగులు ధరించరాదు. వదులు చేతుల చొక్కా, దుపట్టా, మఫ్లరు దగ్గరకు రానీయరాదు. చక్కు తాళంచెవిని చక్కులో మరచిపోరాదు.

ఖర్చు లెక్క

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి లెక్కతోనే జవాబు చెప్పవలె. జిగ్గు చేయడానికి ఆరు గంటలు, అనగా 360 నిమిషాలు పట్టిందనుకొందాము. గీతగీసి, పంచి కొట్టి, వైస్‌లో బిగించి రంధ్రం వేస్తే పిన్నుకు ఆరు నిమిషాలు. జిగ్గుతో రెండు నిమిషాలు. ముక్కకు నాలుగు నిమిషాలు మిగులుతాయి. 360ని 4తో భాగిస్తే 90. తొంబదవ పిన్నుతో జిగ్గు తన ఋణం తీర్చుకొంటుంది. ఆ తరువాతి అరవై పిన్నులలో నాలుగు గంటలు లాభం. పది పిన్నుల పనికైతే జిగ్గు దండుగ. మామూలు ‘వీ’ దిమ్మ చాలును. చెడిపోయే ముక్కల సంఖ్య తగ్గడం, క్రొత్తగా చేరిన శిష్యుడు కూడ ఉస్తాదుతో సమానంగా రంధ్రం వేయగలగడం ఈ లెక్కలో చేర్చలేదు. గాయపడని వ్రేలికి ఏ అంకె వేయగలము?

విద్యార్థులకు, కళాశాల సంఘానికి

జిగ్గు అనేది ఉక్కులో వ్రాసిన జ్ఞాపకం. పనిలో ఆరితేరినవాడు ఒకసారి ఆలోచించి నిర్ణయించిన స్థానాన్ని అది వేలసార్లు తిరిగి చెబుతుంది. అయితే ఉక్కు తాను ఎందుకు అట్లా ఉన్నదో చెప్పలేదు. గాడి ఎందుకు పైకి చూస్తున్నది, మరల రంధ్రాలు ఎందుకు పెద్దవి, కాళ్లు ఎందుకు నాలుగు – ఈ కారణాలు వ్రాతలో లేకపోతే, వారసునికి జిగ్గు చిక్కుతుంది కాని విద్య చిక్కదు.

కాబట్టి విద్యార్థులకు నా కోరిక ఒక్కటే. మీ ఇంటిలో గాని, వీధిలో గాని పనిచేసే యంత్రశాలకు వెళ్లి, అక్కడ మూలన పడి ఉన్న ఒక్క జిగ్గును తీసి చూడండి. దాని చిత్రం గీయండి, కొలతలు వేయండి, దానిని చేసినవారిని కారణాలు అడిగి తెలుగులో గాని ఉర్దూలో గాని వ్రాయండి. వారు వాడిన మాటలనే వ్రాయండి. నిఘంటువులో లేవని విడిచిపెట్టవద్దు. కళాశాల సంఘంవారు ఇటువంటి వ్రాతలకు గ్రంథాలయంలో ఒక రిజిష్టరు ఏర్పాటుచేసి, రెండు భాషలలోను భద్రపరచినచో, పెద్ద వ్యయం లేకుండానే ఒక ఉపయోగకరమైన సేకరణ తయారవుతుంది. సంవత్సరానికి పది జిగ్గుల వివరాలు చేరినా, పదేండ్లలో నూరు చేరుతాయి. ఏ పాఠ్యగ్రంథంలోను లేని నూరు పాఠాలు మన పిల్లలకు వారి భాషలో దొరుకుతాయి.